గుర్తుపట్టేలా

ఊళ్ళో అందరి మొహాలూ అచ్చువేసే మనిషికి ఒకే ఒక్క మొహాన్ని చెరపడం కూడా పనే. ఆ మొహం అతని బావది.

అతన్ని వీధి మొత్తం ఆర్టిస్టు అనేది. ఆ పేరు పెట్టింది బావే, వెక్కిరింపుగా. పెట్టినవాడి వెక్కిరింపు పోయి పేరు మాత్రం అంటుకుపోయింది. బస్టాండు వెనక సందులో ఆర్టిస్టుకి ఒకటే గది. ముందు అద్దం తలుపు, లోపల కంప్యూటరు, గోడ పొడవునా బ్యానర్లు అచ్చువేసే మిషను, ఎప్పుడూ పోని రంగు వాసన. కొత్త దుకాణాలు, పుట్టినరోజులు, తప్పిపోయిన కుక్కలు, అన్నీ ఆ మిషను నోట్లోంచే బయటికొచ్చేవి. కానీ అతని చేయి తిరిగింది మాత్రం సంతాపం పోస్టర్లలోనే. చచ్చినవాడి ఫోటో అంటూ ఇంటివాళ్ళు తెచ్చేది ఎప్పుడూ దిక్కుమాలినదే. గుంపులో ఓ మూల నిలబడ్డదో, లైసెన్సు కార్డు మీదదో, జుట్టు నల్లగా ఉన్న రోజులదో. ఆర్టిస్టు దాన్ని ముందేసుకుని, భుజం మీదున్న పరాయి చేతుల్ని తీసేసి, బుగ్గలు కాస్త దించి, జుట్టు నెరిపించి, నిన్నటిదాకా తిరిగిన మనిషిని తెచ్చి ముందు కూర్చోబెట్టేవాడు. తెరని అటు తిప్పి చూపిస్తే ఇంటివాళ్ళు బావురుమని, "అచ్చం ఆయనే" అనేవాళ్ళు. వాళ్ళు ఏడుస్తుంటే ఇతనికి లోపల్లోపల గర్వంగా ఉండేది. పాపిష్టి గర్వం. కొంప ముంచింది అదే.

బావ అంటే సొంత అక్క మొగుడు. ఒకప్పుడు కలప కంపెనీలో లారీ డ్రైవరు. కొండ మీద నరికిన దుంగల్ని ఏళ్ళ తరబడి కిందికి మోశాడు. ఒక వానాకాలం, బోడి చేసిన కొండ చరియ జారి కింద వాగుగట్టున ఉన్న ఇళ్ళ మీద పడింది. బురదలోంచి జనాన్ని బయటికి లాగినవాళ్ళలో బావ ఒకడు. బయటికి వచ్చినవాళ్ళలో ఊపిరి ఉన్నవాళ్ళు తక్కువ. మర్నాడు బావ లారీ తాళాలు కంపెనీ మేనేజరు బల్ల మీద పెట్టి, "ఇంక మీ చెట్లు మీరే మోసుకోండి" అని వచ్చేశాడు. అంతటితో ఊరుకుంటే అతను బావే కాదు. కొండ దారిలో వంతెన ఉంది. లారీలు అది దాటాల్సిందే. వెళ్ళి ఆ వంతెన మీద కూర్చున్నాడు. మొదట ఒక్కడే. తర్వాత వాగు ఊరి ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. తర్వాత కూర్చోవడానికి చోటు చాల్లేదు.

ఆర్టిస్టు "బావా" అని పిలవడం విని, ఆ గుంపంతా అతన్ని బావ అనడం మొదలుపెట్టింది. పళ్ళూడిన ముసలమ్మలు కూడా బావే. కంపెనీవాళ్ళు ఎవర్రా వీళ్ళ నాయకుడు అని ఆరా తీస్తే బావ అని తేలింది. "బావంట! ఎవడికి బావ? ఈ ఊళ్ళో సగం మంది ఎవడో ఒకడికి బావలే కదా!" అని, బావని ఎప్పుడూ చూడని కొత్త మేనేజరు జుట్టు పీక్కున్నాడట. ఆ మాట చెప్పి బావ అన్నం ముందు కూర్చుని పొలమారేదాకా నవ్వాడు.

నవ్వు టీచరమ్మతో ఆగిపోయింది. వాగు ఊరి బళ్ళో చదువు చెప్పే ఆవిడ వంతెన మీద అందరికంటే ముందు కూర్చునేది. ఒక పేపరువాడు వచ్చి చెట్టుకి ఆనుకుని నవ్వుతున్న ఆవిడ ఫోటో వేశాడు. ఆ ఫోటో ఎంత బావుందంటే, వారం తిరక్కుండానే నెంబరు లేని లారీ ఒకటి ఆవిడ స్కూటరుని వెతుక్కుంటూ వచ్చింది. బ్రేకులు పడలేదని రాసుకుని పోలీసులు చేతులు దులుపుకున్నారు. ఆవిడ సంతాపం పోస్టరూ ఆర్టిస్టే వేశాడు. ఆ పేపరు ఫోటోతోనే.

ఆనాటి నుంచి రెండు నియమాలు. ఎవరూ మొహం కనిపించేలా ఫోటో దిగకూడదు. ఎవరూ కొండ మీదికి ఫోను తీసుకెళ్ళకూడదు, ఫోను ఉన్నచోటు పసిగడతారని. మీటింగుల ఫోటోలు బయటికి పంపాలంటే ముందు ఆర్టిస్టు దగ్గరికి వచ్చేవి. అతను ఒక్కో మొహం మీదా మసక పూసేవాడు. బావ మొహం మీద మాత్రం రెండుసార్లు పూసేవాడు. పూశాక అసలు ఫోటోలు చెరిపేసేవాడు. కంపెనీ కిరాయికి పెట్టుకున్నవాళ్ళు ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళు. వాళ్ళకి బావ పేరు తెలుసు, మొహం తెలియదు; తెలిసిన పాత డ్రైవర్లు నోరు విప్పరు. బావ ప్రాణం ఆ తెలియకపోవడం మీదే నిలబడి ఉంది. ఆ సంగతి ఆర్టిస్టు కంటే బాగా తెలిసినవాడు ఇంకొకడు లేడు.

ఒకరోజు పొద్దున్నే షట్టరు ఎత్తుతుంటే ఒక మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చొక్కాకి బురద. మణికట్టుకి ఆకుపచ్చ గుడ్డ, వంతెన వాళ్ళు కట్టుకునేదే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కళ్ళు ఎర్రబడటానికి ఒక ఉల్లిపాయ చాలు కదా అనే ఆలోచన ఆ నిమిషంలో ఎవరికి వస్తుంది?

"మీరేనా ఆర్టిస్టన్న?"

"నేనే. ఏం కావాలి?"

ఆ మనిషి నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "బావ... మన బావ ఇంక లేడన్నా."

ఆర్టిస్టు షట్టరు పట్టుకుని అలాగే కిందికి జారి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ మనిషే పక్కన కూర్చుని వీపు నిమిరాడు. నిన్న సాయంత్రం కొండ మీద నరికి పడేసిన దుంగ ఒకటి దొర్లిందనీ, కింద బావ ఉన్నాడనీ, మనవాళ్ళు మోసుకొస్తున్నారనీ, దారి బురదగా ఉండటంతో సాయంత్రం అవుతుందనీ చెప్పాడు.

"అక్కకి..." ఆర్టిస్టు లేచాడు. అక్క పక్క వీధి లాండ్రీలో పనిచేస్తుంది. అక్కడి ఆవిరి గొట్టం ఇక్కణ్ణుంచి కనిపిస్తుంది.

ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇప్పుడే వద్దన్నా. మనిషి ఇంటికొచ్చేదాకా చెప్పొద్దన్నారు పెద్దవాళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిడ ఒక్కతే ఏమైపోతుందో మీరే చెప్పండి. మీరు మగాడు, తట్టుకుంటారని మీకు చెప్పమన్నారు."

ఆ మాట ఆర్టిస్టుకి న్యాయంగానే తోచింది. బావకి ఫోను చేద్దామా అంటే బావ దగ్గర ఫోను ఉండదు. బావని కాపాడటానికి పెట్టుకున్న నియమాలన్నీ వరసగా వచ్చి ఇతని నోటికి తాళం వేశాయి.

"పోస్టరు కావాలన్నా. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వస్తారు. వాళ్ళలో చాలామంది ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మా దగ్గర ఫోటో లేదు."

"ఫోటో వద్దు," అన్నాడు ఆర్టిస్టు అలవాటుగా. "ఫోటో వెయ్యకూడదు కదా."

"ఆ రూలు బతికున్నవాళ్ళకన్నా. పోయినాయన్ని ఇంకేం చేస్తారు?"

ఆర్టిస్టు అప్పుడు నిజంగా ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు చీదుకుని, లోపలికి వెళ్ళి కంప్యూటరు పెట్టాడు. అతని దగ్గర బావ మొహం ఉన్న ఫోటో ఒక్కటే ఉంది. అది పెళ్ళినాటిది. అందులో బావ బక్కగా, నున్నటి గడ్డంతో, అక్క స్వయంగా కుట్టిన నీలం కాలరు చొక్కాలో కెమెరాని చూసి భయపడుతున్నట్టు ఉంటాడు. పక్కన అక్క ఉంటుంది. ఆర్టిస్టు అక్కని తీసేశాడు.

ఆ మనిషి తెర మీదికి వంగి, పెదవి విరిచాడు. "ఇది మరీ పాతదేమో అన్నా. జనం గుర్తుపట్టరు."

"గుర్తుపట్టేలా చేస్తాను. కూర్చో."

ఆ మనిషి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎంత ఓపికగా కూర్చున్నాడో! మధ్యలో బయటికెళ్ళి టీ తెచ్చిచ్చాడు. ఆర్టిస్టు తాగలేకపోతే, "రెండు గుక్కలైనా తాగన్నా, చెయ్యి వణుకుతోంది" అన్నాడు. చెయ్యి వణికితే నష్టం ఎవరికో అతనికి తెలుసు.

ఆర్టిస్టు పని చేశాడు. జన్మలో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. నుదుటి మీద జుట్టు వెనక్కి జరిపాడు. మీసం పెట్టి, ఎడమవైపు కొసలో మాత్రం తెల్లవెంట్రుకలు పెట్టాడు, బావకి అక్కడే నెరిసింది. బుగ్గలు నింపాడు. కళ్ళ కింద ఎండకి నల్లబడ్డ చోట్లు దిద్దాడు. కన్నీళ్ళు కీబోర్డు మీద పడుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ, చివరికి కుడి కనుబొమని రెండుగా చీల్చే గాటు పెట్టాడు. ఈ మిషను కొన్న రోజున ఇద్దరూ కలిసి దించుతుంటే ఆర్టిస్టు చెయ్యి జారి, ఇనప మూత బావ మొహం మీద పడింది. రక్తం కారుతున్నా బావ మిషను వదల్లేదు. "నువ్వు వదిలినా నేను వదల్లేదు చూడు ఆర్టిస్టూ" అని ఏళ్ళ తరబడి ఏడిపించాడు.

"ఆ గాటు నిజంగా ఉందా, మీరు పెట్టారా?" అన్నాడు కుర్చీలో మనిషి.

"ఉంది. నా వల్లే అయింది."

"కుడి వైపేనా?"

"కుడి వైపే."

ఆ మనిషి తల ఊపాడు. కింద పెద్ద అక్షరాలతో 'మన బావ ఇక లేడు' అని కొట్టి, తేదీలు అడిగాడు ఆర్టిస్టు. తేదీలు ఇంకా ఏవీ అనుకోలేదు, ఖాళీగా ఉంచమన్నాడు. ప్రస్తుతానికి శాంపిలుకి ఒక్క కాపీ చాలన్నాడు. పెద్దవాళ్ళకి చూపించడానికి ఫోన్లోకి కూడా పంపమన్నాడు. ఆర్టిస్టు షాపులో ఒక పద్ధతి ఉంది. కస్టమరు తెర చూసి ఓకే అంటేనే అచ్చు. ఓకే అన్నాక తప్పు వస్తే అది షాపుది కాదు. ఇంత దుఃఖంలోనూ ఆ పద్ధతి తప్పలేదు. తెర అటు తిప్పాడు.

"ఓకే అన్నా," అన్నాడు ఆ మనిషి. చూసిందే చూస్తూ, "చాలా బాగా చేశారు" అని కూడా అన్నాడు. అది మాత్రం మనస్ఫూర్తిగానే అన్నాడు.

అతను వెళ్ళాక ఆర్టిస్టు సగం షట్టరు దించుకుని, ఇంకో కాపీ అచ్చువేసి గోడకి తగిలించి, దాని ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. మధ్యాహ్నం లాండ్రీ ఆవిరి గొట్టం ఆగింది. అక్క అన్నం తినే వేళ. ఇంకాసేపు తిననీ అనుకున్నాడు.

అప్పుడు వెనక తలుపు తోసుకుని బావ వచ్చాడు.

"ఒరేయ్ ఆర్టిస్టూ, బ్యానరు గుడ్డ మిగిలిందా? వంతెన దగ్గరది వానకి..." అంటూ ఆగాడు. "ఏంట్రా, దయ్యాన్ని చూసినట్టు ఆ మొహమేంటి?"

ఆర్టిస్టు కేక వేసి, బావ మీద పడి, మొహం, భుజాలు, చేతులు తడిమి తడిమి చూశాడు. పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఏడుస్తూ, నవ్వుతూ, బావ ఛాతీ మీద గుద్దుతూ, "చచ్చిపోయావన్నారు బావా, చచ్చిపోయావన్నారు" అన్నాడు. బావకి గోడ మీది పోస్టరు కనిపించింది. దగ్గరికెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఓరి నీ! నా ముక్కు ఇంత బావుంటుందా? చచ్చాక నీ చేతిలో పడితే ఇంత అందగాణ్ణవుతానని తెలిస్తే ఎప్పుడో చచ్చేవాణ్ణి కదరా!" అని ఘొల్లున నవ్వాడు. ఆర్టిస్టూ నవ్వాడు. ఆ కాస్త నవ్వే వాళ్ళకి మిగిలింది. ముందు బావ నవ్వు ఆగింది.

"ఎవరు వెయ్యమన్నారు ఇది?"

"మనవాడే. చేతికి ఆకుపచ్చ గుడ్డ..."

"పేరేంటి?"

ఆర్టిస్టుకి అప్పుడు తట్టింది. పేరు అడగలేదు.

"కాపీ ఇచ్చావా?"

"ఇచ్చా. ఫోన్లోకి కూడా..."

మాట పూర్తికాకుండానే ఆర్టిస్టుకి తను చేసింది పూర్తిగా అర్థమైంది. బావ ప్లాస్టిక్ కుర్చీలో, పొద్దున ఆ మనిషి కూర్చున్న కుర్చీలోనే, నెమ్మదిగా కూర్చున్నాడు. కనుబొమ మీద వేలు పెట్టుకుని, "గాటు కూడా పెట్టావట్రా," అన్నాడు. తిట్టలేదు. తిడితే బావుండేది. రెండు చెంపలూ వాయించినా బావుండేది.

"వెళ్ళిపో బావా. ఏటి అవతల ఊరికి పో. నీ కాళ్ళు పట్టుకుంటా."

"వంతెన దగ్గర జనం?"

"టీచరమ్మ పోయాక కూడా కూర్చున్నారు కదా. నువ్వు లేకపోయినా కూర్చుంటారు. నీ ప్రాణం పోతే మాత్రం అక్క..."

అక్క మాట ఎత్తేసరికి బావ మెత్తబడ్డాడు. మర్నాడు పొద్దున్న బస్సులో వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. ఆర్టిస్టు అక్కడే అతని మీసం తీసేశాడు, కత్తెరతో జుట్టు కుదించాడు, నున్నగా గడ్డం గీశాడు. పొద్దున తెర మీద పెట్టినవన్నీ మధ్యాహ్నం మనిషి మీంచి ఒక్కొక్కటీ తీశాడు. గాటు మిగిలింది. దాని మీద ప్లాస్టర్ వేస్తానన్నాడు.

"గాటు ఎక్కడుందో వాళ్ళకి వేలు పెట్టి చూపిస్తావా?" అన్నాడు బావ. "కంప్యూటర్లో అయితే ఒక్క నొక్కుకి పోయేది కదరా!" అని, టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "మీ అక్కకి చెప్పకు. తెలిస్తే నిన్ను బతకనివ్వదు. రేపు బస్టాండుకి కూడా రాకు, నాతో నిన్ను ఎవరూ చూడకూడదు."

ఆ సాయంత్రం అక్క మొగుడి మొహం చూసి, "పెళ్ళికి ముందు ఇలా ఉంటే బతిమాలి చేసుకున్నాను, ఇప్పుడైతే అడిగినా వద్దంటాను" అని నవ్విందట. జాగ్రత్త కోసం నాలుగు రోజులు వెళ్ళొస్తానంటే, సరేనని సంచి సర్దింది. ఇలాంటి నాలుగు రోజులు ఆవిడకి కొత్త కాదు.

మర్నాడు ఆర్టిస్టు షాపు తీసి, అద్దం తలుపు వెనక నిలబడి, చెవులు బస్టాండు వైపు పెట్టుకుని ఉన్నాడు. బస్సు హారను వినిపించింది. హమ్మయ్య అనుకున్నాడు. తర్వాత ఆడమనిషి కేక వినిపించింది. ఆ గొంతు అతనికి పుట్టినప్పటినుంచీ తెలుసు. పరిగెత్తాడు. వెళ్ళేసరికి జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఇంతసేపూ తలలు తిప్పుకున్నవాళ్ళంతా ఇప్పుడు తలలు వంచి చూస్తున్నారు. సంచి తెగి బట్టలు నేల మీద పడ్డాయి. టోపీ కాస్త దూరంగా పడి ఉంది. అక్క చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

ఆస్పత్రివాళ్ళు శవం ఇచ్చిన రోజు అక్క షాపుకి వచ్చింది. మళ్ళీ అదే కుర్చీ. పోలీసులు దొంగతనం కేసు కట్టారు, సంచి కోసం జరిగిందట. ఆవిడ ఏడవలేదు. లాండ్రీలో దుప్పట్లు మడిచినట్టు ఒక్కో మాటా మడిచి ముందు పెట్టింది.

"ఇద్దరొచ్చార్రా. ఒకడు వెనకనించి పట్టుకున్నాడు. రెండోవాడు టోపీ తీశాడు. ఫోను మీ బావ మొహం పక్కన పెట్టి, అటూ ఇటూ చూశాడు. మీసం లేదు కదా, కాదేమో అని వదిలేస్తాడనుకున్నా. నేను కూడా, మీరనుకునే మనిషి కాదు, ఈయన మా అన్నయ్య అని అరిచా. వాడు విన్నాడు. నేనన్నది వాడు నమ్మాడు కూడా. నిజంగా వెనక్కి తగ్గాడు."

జరిగిపోయిన సంగతే అయినా, ఒక్క క్షణం ఆర్టిస్టు బావ బతికిపోయాడనే అనుకున్నాడు.

"మళ్ళీ ఏమనుకున్నాడో, వచ్చి బొటనవేలితో ఇక్కడ రుద్దాడు." అక్క తన కుడి కనుబొమ చూపించింది. "రుద్ది, ఫోను చూసుకుని, ఓకే అన్నాడు."

మిషను పక్కన ఫ్యాను తిరుగుతోంది. ఆర్టిస్టు దాన్నే చూస్తున్నాడు.

"ఫోన్లో ఫోటో నేనూ చూశా. చూపించుకుంటూనే కదా పోల్చుకున్నాడు. నీలం కాలరు చొక్కా. ఆ కాలరు ఒకవైపు వంకర పోయింది, నేనే కుట్టా, నాకు తెలీదా? నా పెళ్ళి ఫోటోలో ఉన్న మనిషికి జుట్టు ఎవర్రా నెరిపింది?"

ఆర్టిస్టు ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. ఏవేవో చెప్పాడు. చచ్చాడన్నారక్కా, నిజమనుకున్నానక్కా, ఏడుస్తూ చేశానక్కా అన్నాడు. అన్నీ నిజాలే. ఒక్కటీ పనికొచ్చే నిజం కాదు. అక్క కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, తల మీద చెయ్యీ వెయ్యలేదు. అతను మాటలు అయిపోయి ఆగేదాకా ఆగింది.

"లే. పోస్టరు వెయ్యాలి. రేపు తీసుకెళ్తున్నాం."

"వేరే... ఫోటో లేకుండా వేస్తానక్కా. ఒట్టి అక్షరాలతో."

"ఆ ఫోటోనే వెయ్యి. చంపేవాళ్ళకి చూపించావు కదా, ఏడ్చేవాళ్ళకీ చూపించు."

అతను లేచి కంప్యూటరు పెట్టాడు. అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. తేదీ ఒక్కటే ఖాళీ. అక్క తేదీ చెప్పింది. అతను తప్పు కొట్టాడు. అది తప్పని అక్క చెప్పింది. మళ్ళీ కొట్టాడు. తర్వాత షాపు పద్ధతి ప్రకారం తెర ఆవిడ వైపు తిప్పాడు, ఓకేనా అని మాత్రం అడగలేదు.

అక్క తెర మీదికి వంగింది. నెరిసిన మీసం కొస, కళ్ళ కింది నలుపు, కనుబొమ మీద గాటు, ఏదీ వదలకుండా చూసింది. బొటనవేలితో గాటు మీద ఒక్కసారి రుద్దింది. అద్దం మీద మరక పడింది.

"అచ్చం ఆయనే," అంది. "అచ్చువెయ్యి."